కాలేజీ బాస్కెట్‌బాల్ స్టాట్స్ షీట్: బెంగళూరు ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

ముందు ప్రాజెక్టు ఏంటో చెప్పేస్తా. మా అక్క కూతురు ఇక్కడ బెంగళూరులోనే డిగ్రీ చదువుతోంది, కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడుతుంది, జెర్సీ నంబర్ 11. వాళ్ల మ్యాచ్‌లకి టేబుల్ మీద అఫీషియల్ స్కోర్‌షీట్ ఒక్కటే ఉంటుంది, అందులో ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరికి ఎన్ని ఫౌళ్లు, టైమవుట్లు ఎప్పుడు తీసుకున్నారు, ఇంతే. మిస్ అయిన షాట్లు ఉండవు, రీబౌండ్ (మిస్ అయిన షాట్ తర్వాత బంతి పట్టుకోవడం) ఉండదు, అసిస్ట్ (బాస్కెట్‌కి దారితీసిన పాస్) ఉండదు, బంతి ఎవరి చేతిలోంచి పోయిందో (టర్నోవర్) ఉండదు. మ్యాచ్ అయిపోయాక అందరూ ఆ షీట్ చూసి "7 నంబర్ సూపర్ ఆడింది" అనేసి వెళ్లిపోతారు. ఆ అమ్మాయి నిజంగానే బాగా ఆడుతుంది, అందులో డౌటే లేదు, కానీ ఆ పాయింట్లు పడడానికి ముందు ఏం జరిగిందో ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు కదా, నా బాధ అది.

కాబట్టి కాలేజీ మ్యాచ్‌కి మనమే పూర్తి స్టాట్స్ రాసే ఏర్పాటు ఒకటి చేద్దామని కూర్చున్నా. పెద్ద టోర్నీల్లో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లైవ్‌స్టాట్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నేర్చుకున్నవాళ్లు కూర్చుని చేస్తారు, మన దగ్గర ఉన్నది ఒక పాత ల్యాప్‌టాప్, గూగుల్ షీట్స్, టీమ్‌లో ఆడని ఇద్దరు పిల్లలు. ఒకమ్మాయిది అనంతపురం, ఒకబ్బాయిది నెల్లూరు. ఇద్దరికీ ఆట మీద పిచ్చి ఉంది, నాకు అది చాలు.

మొదటి రోజే ఒక నిర్ణయం తీసేసుకున్నా, మిగతాదంతా దాని మీదే నిలబడాలి. ఒక్కో ప్లేయర్ పేరు పక్కన గీతలు గీసుకుంటూ పోయే పద్ధతి వద్దు. కోర్టులో ఏది ముందు జరిగితే అది ముందు, ఏది తర్వాత జరిగితే అది తర్వాత, ఒక్కో సంఘటనకి ఒక్కో వరస. క్వార్టర్, గడియారం, టీమ్, నంబర్, ఏం చేసింది, ఎక్కడి నుంచి. గీతలైతే చివరికి మొత్తాలు మాత్రమే మిగులుతాయి. వరస ఉంటే మొత్తాలు ఎప్పుడైనా తీసుకోవచ్చు, కానీ మొత్తాల్లోంచి వరస మళ్లీ ఎవరూ తీయలేరు.

సోమవారం

ఈ రోజంతా నిర్వచనాలతోనే సరిపోయింది. మ్యాచ్ మధ్యలో "అది అసిస్టా కాదా" అని వాదించుకుంటే రెండు పొసెషన్లు (బంతి ఒక టీమ్ చేతిలో ఉండే విడతలు) కళ్ల ముందే పోతాయి, అందుకే ముందే తేల్చుకోవాలి. మన కాలేజీ మ్యాచ్‌లు ఫిబా రూల్స్ మీద నడుస్తాయి, పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఐదో ఫౌల్‌కి బయటికి, కాబట్టి స్టాట్స్ కూడా ఫిబా పద్ధతే.

పిల్లలిద్దరూ యూట్యూబ్‌లో అమెరికా కాలేజీ మ్యాచ్‌లు తెగ చూస్తారు, అక్కడ లెక్క కొన్ని చోట్ల వేరే. ఉదాహరణకి, నేను పాస్ ఇచ్చాను, నువ్వు షాట్‌కి లేచావు, ఫౌల్ చేశారు, నువ్వు రెండు ఫ్రీ త్రోల్లో (ఫౌల్‌కి ఇచ్చే అడ్డులేని షాట్లలో) కనీసం ఒకటి వేశావు. ఫిబా ప్రకారం నాకు అసిస్ట్ వస్తుంది, అమెరికా కాలేజీ లెక్కలో రాదు. అదే ఫౌల్‌లో నీ షాట్ పడకపోతే అసలు షాట్ ప్రయత్నంగానే లెక్కపెట్టరు, పడితే మాత్రం ప్రయత్నమూ ఎక్కుతుంది, బాస్కెట్టూ ఎక్కుతుంది. బ్లాక్ అయిన (అవతలివాళ్లు గాల్లోనే ఆపేసిన) షాట్ మాత్రం ప్రయత్నమే, మిస్ కిందే పోతుంది, ఆ తర్వాత బంతి పట్టుకున్నవాళ్లకి రీబౌండ్ కూడా రాయాలి. బంతి ఎవరి చేతికీ చిక్కకుండా లైన్ దాటి బయటికి పోతే, త్రో-ఇన్ ఏ టీమ్‌కి వస్తే ఆ టీమ్ పేరు మీద రీబౌండ్, ఏ ప్లేయర్‌కీ కాదు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ స్టీల్ మీద, అంటే అవతలివాళ్ల బంతి లాక్కోవడం మీద జరిగింది. మా 11 ఏం చేస్తుందంటే, పాస్ వచ్చే దారిలో చెయ్యి పెట్టి బంతిని తట్టేస్తుంది, పక్కనున్న ఇంకో అమ్మాయి దాన్ని అందుకుని పరిగెత్తి లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి వేసే షాట్) వేసేస్తుంది. చూసేవాళ్లందరూ స్టీల్ ఆ అందుకున్నమ్మాయిదే అనుకుంటారు. కాదు, ముందు తట్టినామెకే స్టీల్, రూల్ అదే. నెల్లూరు అబ్బాయి "ఆంటీ, అలాగైతే ఇన్నాళ్లూ వీళ్ల కాలేజీలో స్టీల్స్ అన్నీ వేరేవాళ్ల ఖాతాలో పడుతున్నట్టే కదా" అన్నాడు. సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు వాడు.

బుధవారం

షీట్ ఫార్ములాలు రాశా, అవి కరెక్టుగా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి అంకెలు బయటికొచ్చిన నిజం మ్యాచ్ ఒకటి కావాలి కదా, అందుకని 2011 ఏప్రిల్ 4న హ్యూస్టన్‌లో జరిగిన ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) మగవాళ్ల ఫైనల్ తీసుకున్నా. రెండూ యూనివర్సిటీ టీమ్‌లే, కనెటికట్ 53, బట్లర్ 41. ఒకటే చిక్కు, అమెరికా మగవాళ్ల కాలేజీ ఆటలో క్వార్టర్లు ఉండవు, ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు (అమ్మాయిల కాలేజీ ఆట 2015-16 నుంచి క్వార్టర్లకి మారింది), అందుకే క్వార్టర్ కాలమ్‌లో హాఫ్ కూడా పట్టేలా చేయాల్సొచ్చింది.

ఆ ఫైనల్ అంకెలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బట్లర్ 64 షాట్లు వేసి 12 మాత్రమే పడ్డాయి, 18.8 శాతం, ఫైనల్స్ చరిత్రలో అప్పటికి అంత తక్కువ శాతం ఏ టీమూ వేయలేదు. అందులో మూడు పాయింట్లవి 33లో 9. అంటే రెండు పాయింట్ల షాట్లు 31లో 3. కనెటికట్ ఏమైనా గొప్పగా వేసిందా అంటే అదీ లేదు, 55లో 19, మూడు పాయింట్లవి 11లో ఒక్కటే. వాళ్ల స్టార్ కెంబా వాకర్ 19 షాట్లలో 5 వేసి 16 పాయింట్లు చేశాడు.

ముందు పాయింట్లు సరిపోతున్నాయా చూశా. బట్లర్: 12 బాస్కెట్లకి 24, మూడు పాయింట్లవి 9 కాబట్టి ఇంకో 9, ఫ్రీ త్రోలు 8, మొత్తం 41. కనెటికట్: 38, 1, 14, మొత్తం 53. లెక్క తేలింది. తర్వాత ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం, అంటే మూడు పాయింట్ల బాస్కెట్‌ని ఒకటిన్నరగా లెక్కపెట్టడం. బట్లర్‌కి (12 + 0.5 × 9) ÷ 64, అంటే 25.8 శాతం. కనెటికట్‌కి (19 + 0.5) ÷ 55, అంటే 35.5. బట్లర్ తొమ్మిది షాట్లు ఎక్కువ వేసి కూడా 12 పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

ఆ బట్లర్ షాట్లు ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా పడలేదో మొత్తాల్లో కనిపించదు. కనెటికట్ పొడుగు ప్లేయర్లు రింగ్ దగ్గర చేతులు లేపి నిలబడ్డం వల్ల కూడా ఆ రెండు పాయింట్ల షాట్లు పోయాయని మ్యాచ్ చూసినవాళ్లకి తెలుస్తుంది, కాగితం చూసినవాళ్లు మాత్రం "బట్లర్ చెత్తగా వేసింది" అంటారు. మన షీట్‌లో "ఎక్కడి నుంచి" అనే కాలమ్ తీసేద్దామా అని నిన్నటి వరకు ఊగుతున్నా, ఇక తీయను.

గురువారం

ఫిబా బాక్స్ స్కోర్ (మ్యాచ్ మొత్తాల పట్టిక) చివర్లో ఎఫిషియెన్సీ అని ఒక అంకె ఉంటుంది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు అన్నీ కూడి, మిస్ అయిన షాట్లు, మిస్ అయిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు తీసేస్తారు. ఒక్క అంకెలో అంతా వచ్చేస్తుంది కాబట్టి అందరికీ ఇష్టం, మా పిల్లలు కూడా అదే పైన పెద్ద అక్షరాల్లో పెడదామన్నారు. నాకు అస్సలు ఇష్టం లేదు, ఎందుకో లెక్క వేసి చూపించా.

రెండు పాయింట్ల షాట్ పడితే ప్లస్ రెండు, మిస్ అయితే మైనస్ ఒకటి. అంటే మూడింట్లో ఒకటి వేస్తే చాలు, ఆ అంకె తగ్గదు. మూడు పాయింట్లదైతే పడితే ప్లస్ మూడు, కాబట్టి నాలుగింట్లో ఒకటి వేస్తే చాలు. ఇప్పుడు మళ్లీ ఆ బట్లర్ దగ్గరికి రండి: 33లో 9, అంటే 27 పాయింట్లు, 24 మిస్‌లు, ఎఫిషియెన్సీలో ప్లస్ మూడు! ఒక్కో షాట్‌కి 0.82 పాయింట్ చొప్పున వేసి ఫైనల్ ఓడిపోయిన టీమ్‌కి అదే షాట్ల మీద ప్లస్ వచ్చిందంటే ఆ అంకె ఎక్కువ షాట్లు వేసేవాళ్ల వైపు ఎంత మొగ్గుతుందో చూడండి. ఎవరో ఒకరికి బంతి ఇచ్చి వేయిస్తూనే ఉంటే వాళ్ల అంకె పెరుగుతూనే ఉంటుంది, స్క్రీన్ పెట్టి (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి) దారి ఇచ్చినవాళ్లకి సున్నా.

దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2012 నవంబర్ 20న అమెరికాలో అయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీ కుర్రాడు జాక్ టేలర్ ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు వేశాడు. 108 షాట్లు వేస్తే 52 పడ్డాయి, అందులో మూడు పాయింట్లవి 71లో 27, ఫ్రీ త్రోలు 10లో 7. కూడి చూడండి: 104, 27, 7, మొత్తం 138. ఆ మ్యాచ్ 179-104. అయితే అవతలి టీమ్‌లో ఒకడు 44 షాట్లలో 34 వేసి 70 పాయింట్లు చేశాడని ఎంతమందికి తెలుసు? షాట్‌కి ఎన్ని పాయింట్లో చూస్తే (ఫ్రీ త్రోలు కూడా కలిపి) టేలర్‌ది 1.28, ఆ రెండోవాడిది 1.59. గ్రినెల్ ఆట పద్ధతే అది, ఫుల్ కోర్ట్ ప్రెస్ వేసి (కోర్టు పొడుగునా వెంటపడి అడ్డుకుని), అది తప్పించుకున్నవాళ్లకి సులువు లేఅప్ వదిలేసి, తిరిగి బంతి తెచ్చుకుని మూడు పాయింట్లు కొట్టడం. అది తెలిస్తే రెండు అంకెలూ అర్థమవుతాయి, తెలియకపోతే ఒకరి పేరు రికార్డుల్లో, ఇంకొకరి పేరు ఎక్కడా లేకుండా పోతుంది.

ఎఫిషియెన్సీ షీట్‌లో ఉంటుంది, కానీ చివరి కాలమ్‌లో, మామూలు సైజులో. పిల్లలు ఒప్పుకున్నారు.

శనివారం, గ్రౌండ్‌లో

ఈ రోజు ప్రాక్టీస్ మ్యాచ్‌లో మొదటిసారి నిజంగా వాడాం. సిమెంట్ కోర్టు, పక్కనే వానచెట్టు, సాయంత్రం నాలుగింటికల్లా బెంగళూరు మబ్బు కమ్మేసింది. ఏర్పాటు ఇలా ఉంది: అనంతపురం అమ్మాయి కళ్లు కోర్టు మీంచి తియ్యదు, నోటితో చెప్తుంది. నెల్లూరు అబ్బాయి తల ఎత్తడు, కొడుతూ పోతాడు. నేను గడియారం, సబ్‌లు (ఎవరు లోపలికి, ఎవరు బయటికి) చూస్కుంటా.

ఆ పిల్ల చెప్పే పద్ధతి వింటే ముచ్చటేస్తుంది. "మనది, ఏడు, రెండు, కుడి, పడలా. మనది, పదకొండు, ఆఫ్ రీబౌండ్. పాస్ నాలుగుకి. నాలుగు, మూడు, మూల, పడింది, అసిస్ట్ పదకొండు." ఇంతే, ఊపిరి తీసుకునే లోపు నాలుగు వరసలు (ఆఫ్ రీబౌండ్ అంటే ఆఫెన్సివ్ రీబౌండ్, మన మిస్‌ని మనమే పట్టుకోవడం). టీమ్, నంబర్, పని, చోటు, ఫలితం, ఎప్పుడూ ఇదే క్రమంలో చెప్పాలని ముందే అనుకున్నాం, దాని వల్ల అబ్బాయి చేతికి అలవాటు పడిపోయింది. కీబోర్డ్ మీద ఒక్కో పనికి ఒక్కో అక్షరం పెట్టా, పడితే ఒకటి, పడకపోతే సున్నా. ఫ్రీ త్రోలప్పుడు ఆట ఆగుతుంది కదా, అప్పుడు వెనక్కెళ్లి ఖాళీలు పూరించడం. ఫౌల్ విజిల్ పడ్డప్పుడల్లా ఇద్దరూ "హమ్మయ్య" అనుకోవడం నేను చూశా.

వరస రాయడం వల్ల ఏం దక్కిందో ఇక్కడ చెప్పాలి. ఇందాకటి ఆ నాలుగు వరసలే తీసుకోండి. స్కోర్‌షీట్‌లో 4 నంబర్ పక్కన మూడు అని పడుతుంది, అయిపోయింది. మన షీట్‌లో ఆ మూడు పాయింట్లకి ముందు 7 మిస్ చేయడం, 11 ఇద్దరి మధ్యలోంచి రీబౌండ్ లాగడం, తను మళ్లీ షాట్‌కి లేవకుండా మూలన ఖాళీగా ఉన్న 4ని చూసి ఇవ్వడం, అంతా ఉంది. ఆఫెన్సివ్ రీబౌండ్ తర్వాత అదే పొసెషన్‌లో వచ్చిన పాయింట్లని విడిగా లాగే ఫార్ములా రాత్రికి రాశా, 11 పేరు అక్కడ మాటిమాటికీ వస్తోంది.

పొసెషన్ల లెక్క కూడా సులువైపోయింది. మామూలుగా బాక్స్ స్కోర్ నుంచి పొసెషన్లు అంచనా వేయడానికి షాట్లకి, 0.44 రెట్లు ఫ్రీ త్రోలకి, టర్నోవర్లు కలిపి, ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేస్తారు. ఆ 0.44 ఎందుకంటే ప్రతి ఫ్రీ త్రోతోనూ పొసెషన్ అయిపోదు, రెండేస్తే ఒకసారే అయిపోతుంది, బాస్కెట్ పడి ఫౌల్ కూడా వస్తే అదనంగా ఒకటే వేస్తారు, టెక్నికల్ (ప్రవర్తనకి వేసే) ఫౌల్‌ది వేరే. అదంతా సగటున ఒక అంకెలో కుదించారన్నమాట, అమెరికా కాలేజీ ఆటకి కొందరు 0.475 వాడతారు. మన దగ్గర వరస ఉంది కాబట్టి బంతి చేతులు మారిన ప్రతిసారీ నేరుగా లెక్కపెట్టేయొచ్చు, అంచనాతో పనే లేదు.

ఆదివారం

ప్రతి మ్యాచ్ తర్వాత షీట్ తనను తాను చెక్ చేసుకోవాలి, లేకపోతే కోచ్ చేతికి ఇవ్వడానికి నాకు ధైర్యం రాదు. మూడు తాళాలు పెట్టా. ఒకటి, నలభై నిమిషాల మ్యాచ్‌లో ఒక టీమ్ ప్లేయర్ల నిమిషాలన్నీ కలిపితే 200 రావాలి, ఓవర్‌టైమ్ ఐదు నిమిషాలైతే 225. రెండు, ప్లస్-మైనస్ (ఒక ప్లేయర్ కోర్టులో ఉన్నంతసేపు మనం వేసిన పాయింట్లలోంచి అవతలివాళ్లవి తీసేస్తే వచ్చేది) అందరిదీ కూడితే పాయింట్ల తేడాకి ఐదు రెట్లు రావాలి, ఎందుకంటే కోర్టులో ఎప్పుడూ ఐదుగురు ఉంటారు (ఐదో ఫౌల్ మీద మనుషులు అయిపోయి నలుగురితో ఆడితే వేరే సంగతి). మూడు, మిస్ అయిన షాట్లకి, రీబౌండ్లకి పొంతన కుదరాలి, రెండు ఫ్రీ త్రోల్లో మొదటిది మిస్ అయితే దానికి రీబౌండ్ రాయకూడదు. ఏదన్నా తప్పితే గడి ఎర్రగా అవుతుంది, ఏ క్వార్టర్‌లో తప్పిందో కూడా చూపిస్తుంది.

సబ్‌లు రాయడం కష్టంగా ఉంది. ఒక్క విజిల్‌కి ముగ్గురు లోపలికి, ముగ్గురు బయటికి, నంబర్లు వెనక్కి తిరిగి ఉంటాయి. సబ్‌గా వెళ్లేవాళ్లు కూర్చునే కుర్చీ పక్కనే కూర్చుంటే లేచేటప్పుడే నంబర్ కనిపిస్తుంది, వచ్చే మ్యాచ్ నుంచి నా కుర్చీ అక్కడే.

మంగళవారం సాయంత్రం

కోచ్ సార్‌కి ఒక పేజీ ప్రింట్ తీసి ఇచ్చాం. ఆయనది కోలార్ వైపు, తెలుగు చక్కగా మాట్లాడతారు. శాతాల పట్టిక ఒక్కసారి పైనుంచి కిందికి చూసి పక్కన పెట్టేశారు. "మేడమ్, ఇదంతా బాగుంది, కానీ నా పిల్లలు బంతి ఎక్కడ పోగొడుతున్నారో అది చూపించండి" అన్నారు. కోర్టు బొమ్మ మీద టర్నోవర్లు చుక్కలు పెట్టి చూపిస్తే, మిడ్ కోర్ట్ లైన్ దాటిన వెంటనే ఎడమ పక్కన గుంపుగా పడ్డాయి. ఆయన వేలు అక్కడ పెట్టి చాలాసేపు తియ్యలేదు. తర్వాత మా అమ్మాయిని పిలిచి "నువ్వు ఇక్కడికొచ్చి నిలబడు, రేపట్నుంచి ప్రెస్ పడితే మొదటి పాస్ నీకే" అన్నారు.

అది నాకు గొప్ప సంతోషం, ఎందుకంటే 11 చేసే పని ఒక మనిషి కంట్లో పడింది. ఆ పిల్ల ఇంటికొచ్చి "పిన్నీ, నా పాయింట్లు తక్కువేగా, మరి సార్ ఎందుకలా అన్నారు" అని అడిగితే ఆ పేజీ తన చేతికే ఇచ్చి చదవమన్నా. బంతితో దూసుకొచ్చే అవతలి ప్లేయర్‌కి అడ్డంగా నిలబడి, గుద్దించుకుని పడిపోయి, వాళ్లకి ఆఫెన్సివ్ ఫౌల్ వేయించడం తనకి బాగా వచ్చు, అది అవతలివాళ్లకి టర్నోవర్ కింద పడుతుంది గానీ మనవాళ్లలో ఎవరికీ స్టీల్ రాదు, ఫిబా బాక్స్ స్కోర్‌లో వేయించుకున్న ఫౌళ్ల గడిలో మామూలు ఫౌళ్లతో కలిసిపోతుంది. నేను దానికి సొంత గడి పెట్టా. స్క్రీన్‌కి ఒకటి, తట్టిన బంతులకి ఒకటి. ఇవి మన సొంత గడులు, ఏ రికార్డులోకీ ఎక్కవు, ఎక్కకపోయినా పర్లేదు.

రాత్రి పిల్లలతో 2017 ఆసియా కప్ సంగతి వచ్చింది. ఆ జూలైలో అమ్మాయిల డివిజన్ బీ (రెండో అంచె) ఫైనల్ మన కంఠీరవ ఇండోర్ స్టేడియంలోనే జరిగింది, భారత్ కజకిస్తాన్‌ని 75-73తో ఓడించింది. రెండు పాయింట్లు, అంటే ఒక్క పొసెషన్. అలాంటి మ్యాచ్‌లో ఎప్పుడో రెండో క్వార్టర్‌లో ఎవరో తట్టిన ఒక బంతి, ఎవరో పడిపోయి తెచ్చిన ఒక ఫౌల్, ఇవన్నీ చివరి స్కోర్‌లో ఉన్నట్టే లెక్క.

ప్రస్తుతం ఎక్కడున్నాం

షాట్లు, రీబౌండ్లు, అసిస్టులు, టర్నోవర్లు, ఫౌళ్లు లైవ్‌లో వచ్చేస్తున్నాయి. స్క్రీన్లు, బాక్సవుట్లు (రీబౌండ్ కోసం అవతలివాళ్లకి అడ్డంగా నిలబడడం) లైవ్‌లో రాయడం ఇద్దరి వల్ల కావట్లేదు, వాటికి ఫోన్ వీడియో తర్వాత చూసి రాయాలి, అందుకు గ్యాలరీ పైనుంచి కోర్టు మొత్తం పట్టేలా ట్రైపాడ్ పెట్టాలి. ఐదుగురు ఐదుగురుగా ఏ కలయికతో ఆడితే టీమ్ ముందుకెళ్తోందో తీసే భాగం పైథాన్‌లో సగం అయ్యింది, కానీ నాలుగైదు మ్యాచ్‌ల వరసలతో దాన్ని నమ్మి ఎవర్నీ బెంచ్ మీద కూర్చోబెట్టమని కోచ్‌కి చెప్పను, కనీసం సీజన్ మొత్తం రావాలి. అనంతపురం అమ్మాయికి పరీక్షలున్నాయి, ఆ వారం నోటితో చెప్పే పని నాది, కొట్టే పని ఎలాగూ నెల్లూరు అబ్బాయిదే. వచ్చే ఆదివారం లీగ్ మ్యాచ్, పొద్దున తొమ్మిదింటికి, అవతలి టీమ్ జెర్సీ నంబర్ల లిస్టు ముందు రోజు రాత్రికే షీట్‌లో ఎక్కించాలి.